గ్రిప్పులకంటిన కారం

యార్డు గేటు తెరవకముందే
నాగుల్ మీరా ట్రాలీ ఆటోలో
మూడు సైకిళ్ళు పడుకున్నాయి,
నిన్నటిదాకా మిర్చి టిక్కీలు మోసిన చెక్కల మీద,
ఒకదాని పెడలు ఇంకొకదాని పక్కటెముకల్లో గుచ్చుకుని.
యేసురత్నం తాడు బిగించాడు.
అతను ముడి వేస్తే విప్పడానికి మళ్ళీ అతనే రావాలి.

నేను గేర్ల సైకిలు కొన్న రోజు
కోల్డ్ స్టోరేజీలో అందరూ అడిగారు:
"నలభై ఆరేళ్ళకి ఇరవై ఒక్క గేర్లు ఏందమ్మా శేషూ?"
రసీదు పుస్తకం మూస్తూ అన్నాను,
ఇన్నాళ్ళూ ఒక్కదాంతోనే లాక్కొచ్చాగా.

పేరేచర్ల దాటాక తుమ్ములు ఆగాయి.
ఫిరంగిపురంలో టీ.
కొట్టతను టైర్లు నొక్కి చూసి
"ట్రాక్టరు పిల్లలా ఇవి?" అన్నాడు.
కొండవీటి చాంతాడంత లిస్టు రాసుకుని బయల్దేరామా,
గ్లూకోజు, దూది, టార్చి, ఉప్పు బిస్కెట్లు, అన్నీ ఉన్నాయి.
చైను లింకు ఒక్కటే రాయలేదు.

ఎక్కడం గురించి చెప్పడానికేం లేదు.
ముగ్గురికీ ఊపిరి తప్ప మాట మిగల్లేదు.
రెండో మలుపులో యేసురత్నం చైను తెగింది.
నాగుల్ మీరా ఒక మేకు తీశాడు, ఒక రాయి తీశాడు, ఒక బూతు తీశాడు.
మూడింట్లో ఏది పనిచేసిందో గానీ
చైను అతుక్కుంది.

పైన, కూలిన కోట గోడ మీద కూర్చుని చూస్తే
పడమరంతా కొండల వెనక కొండలు,
కార్బన్ పేపరు కింద కాపీల్లా
లోపలికి పోయేకొద్దీ పలచబడుతూ.
ఆఖరి కాపీ నల్లమల.
అది చదవాలంటే దగ్గరికి పోవాల్సిందే.

దిగేటప్పుడు రోడ్డు వదిలేశాం.
సీతాఫలం పొదల మధ్య మేకలు వేసుకున్న బాట,
కంకర, ఎండుటాకు, అక్కడక్కడా మెట్టులాంటి రాయి.
చెమట కంట్లోకి కారింది. తుడుచుకున్నాను.

టిక్కీల కారం చెక్కలకి, చెక్కల్నుంచి గ్రిప్పులకి,
గ్రిప్పుల్నుంచి అరచేతికి,
పాతికేళ్ళుగా నేను రసీదు రాసిన సరుకంతా
ఒక్కసారే నా కళ్ళలో దించేశారు.

కొండ ఎర్రబడి ఆరిపోయింది.
బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది, వదిలితే నేను జారతాను.
అరవడానికి నోరు తెరిస్తే దుమ్ము.
అప్పుడు వినబడింది,
ముందు పోతున్న యేసురత్నం ఫ్రీవీలు,
టిక టిక టిక.
శబ్దం పక్కకి వంగితే మలుపు,
తెగి మళ్ళీ అందుకుంటే రాయి,
పలచబడితే ఇంకొంచెం వదలొచ్చు.
వదిలాను.
జీవితంలో ఎవరి వెనకా అంత శ్రద్ధగా నడవలేదు నేను.

నాలుగు నిమిషాలేనని నాగుల్ మీరా అంటాడు.
నేనింకా ఒప్పుకోలేదు.

కింద కోటమ్మ అనే పిల్ల మేకని పట్టుకొచ్చి
నా తల వెనక్కి వంచి
పొదుగు నుంచి సూటిగా కళ్ళలోకి పాలు పిండింది.
"కారం యాపారమా?" అంది.
తల ఊపాను.
"కళ్ళజోడు కొనుక్కో" అంది, ఇంకో ధార పిండుతూ.
మేక మాత్రం అటు తిరిగి ఆకు నములుతోంది.

వినుకొండలో పెట్రోలు బంకు పక్కన పడుకున్నాం.
మర్నాడు సాయంత్రానికి
దోర్నాల దాటి చెక్‌పోస్టు.
గార్డు మమ్మల్నీ సైకిళ్ళనీ మార్చి మార్చి చూశాడు.
"లోపలికి ఇవి పోవు. పులి తిరుగుద్ది."
"మేమూ కారంగానే ఉంటాం సార్" అన్నాడు నాగుల్ మీరా.
గార్డు నవ్వాడు. గేటు లేపలేదు.

మూడు ముందు చక్రాలూ గేటుకి ఆనించి నిలబడ్డాం.
చీకటి పడుతోంది.
ఏం తోచక యేసురత్నం పెడలు వెనక్కి తిప్పాడు,
టిక టిక టిక.
అడవిలోంచి ఏదో పురుగు
అదే లెక్కలో బదులిచ్చింది.

నేను కళ్ళు మూసుకున్నాను.
"మండుతున్నాయా అక్కా?" అడిగాడు.
లేదు, తిప్పుతూ ఉండు అన్నాను.